తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఆరాధన, ప్రార్థన, కాపరి పరిచర్య

నిర్వచనం, పరిధి

క్రైస్తవ విశ్వాసులు ఒకచోట కూడి దేవుణ్ణి స్తుతించడం, వాక్యం వినడం, సంస్కారాల్లో పాలుపొందడం ఆరాధన. కూడికలోనో ఇంట్లోనో ఒంటరిగానో దేవునితో మాట్లాడటం, ఆయన మాట కోసం కనిపెట్టడం ప్రార్థన. ఈ రెంటినీ నడిపిస్తూ సంఘస్థుల బాగోగులు చూసుకోవడం కాపరి పరిచర్య. పుస్తకంలో మూడూ వేరు. పల్లెలో అంత వేరుగా ఉండవు. ఆదివారం గుడికి వెళ్లడాన్నే చాలాచోట్ల 'ప్రార్థనకు వెళ్లడం' అంటారు. బిడ్డ పుట్టినా, పొలంలో బోరు వేస్తున్నా, కొడుకు కువైట్ వెళ్తున్నా ఇంట్లో 'ప్రార్థన పెట్టించుకుంటారు'. ఆ ప్రార్థనకు రావలసిన మనిషి కాపరి. తెలుగు సంఘాల్లో కాపరి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ వాడుక మాటే మంచి దారి.

'పాస్టర్' అనే లాటిన్ మాటకు గొర్రెల కాపరి అని అర్థం. జనం నోట ఆయన 'పాస్టరుగారు', 'అయ్యగారు'. ఆయన భార్య 'పాస్టరమ్మగారు', 'అమ్మగారు'. పాత తరం వాడిన 'పాదిరి' పోర్చుగీసు నుంచి వచ్చింది. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రొటెస్టెంట్, స్వతంత్ర సంఘాలకు పరిమితం. కతోలికుల దివ్యబలిపూజ, గురువుల జీవితం దీని పరిధిలోకి రావు.

చరిత్ర

ఆదివారం కూడిక రూపురేఖలు చాలా పాతవి. సుమారు క్రీ.శ. 155లో జస్టిన్ మార్టర్ రోమ్‌లో రాసిన విన్నపంలోనే వాక్య పఠనం, బోధ, నిలబడి చేసే ప్రార్థన, రొట్టె ద్రాక్షారసం, పేదల కోసం కానుక వరుసగా కనిపిస్తాయి. కాపరి పని ఎంత బరువైనదో చెప్పే రచనలూ తొందరగానే వచ్చాయి. నాలుగో శతాబ్దపు జాన్ క్రిసొస్తమ్ యాజకత్వం మీద ఆరు సంపుటాలు రాశారు. ఆ పనికి తాను తగనని వెనుకాడిన వైనం అందులో ఉంది. గ్రెగరీ పోపు 590 ప్రాంతంలో రాసిన కాపరి నియమావళి, 1656లో ఇంగ్లండులో రిచర్డ్ బాక్స్టర్ రాసిన 'ది రిఫార్మ్‌డ్ పాస్టర్' తర్వాతి తరాలకు పాఠ్యగ్రంథాలయ్యాయి.

తెలుగులో ప్రొటెస్టెంట్ రచన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్‌తో మొదలైంది. 18వ శతాబ్దంలో మద్రాసులో ఉండి ఆయన తెలుగులోకి తెచ్చిన చిన్న పుస్తకాలు జర్మనీలోని హాలె నగరంలో అచ్చయ్యాయి. 1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజ్ విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో వారు చేసిన సువార్తల అనువాదం 1812లో బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చయింది. తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే వచ్చింది. నర్సాపురంలో బౌడెన్, బీర్ కుటుంబాల గోదావరి డెల్టా మిషన్ (1836), నెల్లూరులో శామ్యూల్ డే నెలకొల్పిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ (1840), మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌ల ఆంగ్లికన్ పని (1841), గుంటూరులో హయ్యర్ అనే మిషనరీ మొదలుపెట్టిన లూథరన్ మిషన్ (1842) ఆరేడేళ్ల వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

తెలుగు సంఘాల ప్రార్థన చరిత్రలో ఒంగోలు కొండకు ప్రత్యేక స్థానం ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఉన్నది ఐదుగురే. 1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలు వచ్చారు. తోలు వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అదే ఏడాది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు ఆయన రాజయోగ మార్గంలో నడిచినవారు. తర్వాత ఊరూరా తిరిగి తన మాదిగ బంధువర్గానికి సువార్త చెప్పింది ఆయనే. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తెరిపిచ్చాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి, అలిసినప్పుడు మారుతూ సాయంత్రం దాకా ఇచ్చారు.

ఈ అంకెను మిషన్ చరిత్రలు విజయంగా చెబుతాయి, తప్పు లేదు. అయితే అదే అంకెలో కాపరుల కష్టం మొదలైన చోటు కూడా ఉంది. బాప్తిస్మం ఒక్కరోజు పని. ఆ 2,222 మందీ ఎక్కడెక్కడి పల్లెల్లోనో ఉన్నారు. వారికి ఆదివారాలు, పెళ్లిళ్లు, చావులు, తగాదాలు ఉన్నాయి. ఒక్కో బోధకుడికి పదులకొద్దీ ఊళ్లు వచ్చాయి. అభిషిక్తులైన కాపరులు చాలక ఉపదేశకులు, పల్లె బడిపంతుళ్లు, బైబిల్ స్త్రీలు ఆ పని మోశారు. ఒక కాపరికి అనేక గ్రామాలు అనే అమరిక నేటికీ మారలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో నాయకత్వం భారతీయుల చేతికి వచ్చింది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయన. దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గోపురాలు, స్తంభాలలో గుడి పనితనం, మసీదు పనితనం కలిసి కనిపించే కట్టడం అది. వెస్లియన్ మెథడిస్టు ఛార్లెస్ పాస్నెట్ కట్టించిన మెదక్ కథెడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ ధారలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయ్యాయి. మరోవైపు ముంగమూరి దేవదాసు 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టారు. భక్తసింగ్ 1950 నుంచి హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా సహవాసాలను నడిపారు. పెంతెకొస్తు సంఘాలు 1930ల నుంచి కృష్ణా, గోదావరి జిల్లాల్లో పెరిగాయి.

ఆరాధన క్రమం

తెలుగు సంఘాల ఆరాధనలు స్థూలంగా రెండు రకాలు: అచ్చయిన క్రమం ప్రకారం జరిగేవి, క్రమం లేకుండా జరిగేవి. సీఎస్ఐ, లూథరన్ సంఘాలు మొదటి రకం. ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, పాత నిబంధన, పత్రిక, సువార్త పాఠాలు, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు, కానుక, ప్రభు రాత్రి భోజనం, ఆశీర్వాదం ఇందులో వరుస. సీఎస్ఐ 1950లో తెచ్చిన ప్రభు భోజన క్రమానికి ప్రపంచ క్రైస్తవుల్లో మంచి పేరు వచ్చింది. అందులో రెండు మార్పులు గమనించదగ్గవి. పరిచారకుడు బల్లకు ఆవలివైపు, జనానికి ఎదురుగా నిలబడతాడు. కేరళ సురియాని క్రైస్తవుల ఆరాధన నుంచి తీసుకున్న 'సమాధానం' చేతి నుంచి చేతికి అందుతుంది. కాపరి అరచేతుల మధ్య తన అరచేతులుంచిన పెద్ద, పక్క వరుసకు వెళ్లి అదే అందిస్తాడు. అలా చివరి వరుసలో చాప మీద కూర్చున్న కూలిమనిషి దాకా వెళ్తుంది. అంటరానితనం తెలిసిన పల్లెల్లో ఇది చిన్న మాట కాదు.

బాప్టిస్టు ఆరాధన సరళం, ప్రసంగానిది పెద్ద వంతు. భక్తసింగ్ సహవాసాల్లో జీతం తీసుకునే కాపరి ఉండడు. స్త్రీలు పురుషులు ఎవరు ప్రేరేపింపబడితే వారు లేచి స్తుతి చెల్లిస్తారు. ఆరాధన గంటల తరబడి సాగి అందరూ కలిసి చేసే భోజనంతో ముగుస్తుంది. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో పాటలు, సాక్ష్యాలు, అందరూ ఒకేసారి గొంతెత్తి చేసే ప్రార్థన, స్వస్థత కోసం చేతులుంచడం ప్రధానం.

ఏ శాఖైనా కొన్ని అలవాట్లు ఒకటే. చెప్పులు గుమ్మం బయట. మగవారు ఒకవైపు, ఆడవారు ఒకవైపు. ప్రార్థనకు ముందు ఆడవారు కొంగు తలమీదికి లాక్కుంటారు. చాలా పల్లె గుళ్లలో బల్ల పక్కన కానుకల డబ్బాతోపాటు ఒక గిన్నె ఉంటుంది. పూటపూటా ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి విడిగా దాచి, ఆదివారం ఆ గిన్నెలో పోస్తారు. అజరయ్య క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేనివారు కూడా ఇవ్వగలరన్న ఆయన బోధకు ఈ గిన్నె సరైన ఉదాహరణ.

ఏడాది పొడవునా శ్రమకాలపు కూడికలు, మట్టల ఆదివారం, శుభ శుక్రవారం మధ్యాహ్నం సిలువలో పలికిన ఏడు మాటల ధ్యానం, ఈస్టరు వేకువ ఆరాధన, కోతకాలపు పండుగ, క్రిస్మస్, డిసెంబర్ 31 రాత్రి కూడిక వస్తాయి. ఆ రాత్రి కొత్త ఏటికి వాగ్దాన వాక్యం కార్డు తీసుకోకుండా ఇంటికి వెళ్లేవారు అరుదు.

కీర్తనలు

ఆరాధనకు తెలుగు గొంతు ఇచ్చింది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు కర్ణాటక రాగతాళాల్లో, పల్లవి చరణాలతో కూర్చిన కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో ఉన్నాయి. ప్రతి కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉండటం ఈ పుస్తకం ప్రత్యేకత. చదువురానివారు వేదాంతం నేర్చుకున్నది ఎక్కువగా వీటి నుంచే. హార్మోనియం, తబలా, డోలక్, తాళాల స్థానంలోకి ఇప్పుడు కీబోర్డు, డ్రమ్ ప్యాడ్లు వచ్చాయి. కొత్త పాటలు ఎక్కువగా యూట్యూబ్ నుంచి వస్తున్నాయి.

ప్రార్థన రూపాలు

స్తుతి, కృతజ్ఞత, ఒప్పుకోలు, మనవి, ఇతరుల కోసం విజ్ఞాపన అనేవి వేదాంత విభజన. ఆచరణలో పేర్లు వేరు: కుటుంబ ప్రార్థన, వేకువ ప్రార్థన, ఉపవాస ప్రార్థన, ఆల్‌నైట్ ప్రార్థన, స్త్రీల కూడిక, వీధి కూడిక. బైబిల్ మిషన్ వారు దేవుడు మాట్లాడతాడని కనిపెడుతూ నిశ్శబ్దంగా కూర్చునే పద్ధతిని 'దైవ సన్నిధి' అంటారు. రోగికి నూనె రాసి ప్రార్థించడానికి ఆధారం యాకోబు పత్రిక 5వ అధ్యాయం.

మార్చి నెలలో పదో తరగతి పిల్లలు హాల్‌టికెట్లు తెచ్చి బల్ల మీద పెడతారు. కాపరి వాటి మీద చేయి ఉంచి ఒక్కో పేరూ చదివి ప్రార్థిస్తాడు. పొలానికి కొన్న పురుగుమందు డబ్బా, కొత్త బైకు తాళంచెవి, ఆసుపత్రి రిపోర్టు కూడా ఆ చేతి కిందికి వస్తాయి. ఇవన్నీ వేదాంత పుస్తకాల్లో కనిపించవు. ప్రార్థన అంటే ఏమిటో సంఘం అర్థం చేసుకున్న తీరు మాత్రం ఇక్కడే తెలుస్తుంది.

కాపరి: శిక్షణ, నియామకం, పని

తెలుగులో శిక్షణకు రామాపట్నం బాప్టిస్టు సెమినరీ, రాజమండ్రి లూథర్‌గిరి పాత కేంద్రాలు. పలు సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో స్థాపించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1973లో హైదరాబాద్‌కు మారింది. అక్కడ శ్రీరాంపురం సెనేట్ ఇచ్చే బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా చదువు చెబుతారు. స్వతంత్ర సంఘాల్లో పిలుపు, అనుభవం, కొద్దికాలపు బైబిల్ తరగతులే అర్హత. సీఎస్ఐ స్త్రీలకు కూడా కాపరులుగా అభిషేకం ఇస్తుంది. 2013లో నంద్యాల బిషప్పుగా ఎన్నికైన ఇ. పుష్పలలిత ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్. ఊళ్లలో మాత్రం మహిళా కాపరి చేతి నుంచి రొట్టె తీసుకోవడానికి వెనుకాడేవారు ఇంకా ఉన్నారు.

పట్టణ కాపరికి ఒకే గుడి, పెద్ద సంఘం. పల్లె కాపరికి ఐదారు గుళ్లు. ఆదివారం వేకువన ఒక ఊళ్లో ఆరాధన ముగించి, బైకు మీద రెండో ఊరు, ఎండెక్కాక మూడో ఊరు, సాయంత్రం నాలుగోది. ప్రతిచోటా అదే ప్రసంగం, కానీ వినేవారికి మొదటిసారి. మధ్యలో ఫోను: ఎవరో పోయారు, భూస్థాపన సాయంత్రానికల్లా జరగాలి. పెళ్లింట్లో ఉదయం దీవించిన నోటితోనే సాయంత్రం సమాధి దగ్గర మాట్లాడాలి.

కాపరి ఎదుర్కొనే వ్యక్తిగత ఇబ్బందులు

రాబడి, ఇల్లు: పెద్ద సంఘాల్లో జీతం ఉంటుంది, అది కూడా సంఘాల నుంచి చందా వసూలై పైకి చేరితేనే. స్వతంత్ర కాపరికి కానుకే ఆధారం. వాన పడకపోతే కూలి ఉండదు, కూలి లేకపోతే కానుక ఉండదు. పాస్టరు ఇల్లు సంఘానిది. మూడు నాలుగేళ్లకు బదిలీ, పిల్లలకు కొత్త బడి. ముప్ఫై ఏళ్లు ఆ ఇళ్లలో గడిపిన కాపరి పదవీ విరమణ నాడు తాళాలు అప్పగించాక అద్దె ఇల్లు వెతుక్కోవలసి రావడం తరచూ కనిపించే సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రవేశపెట్టింది. దాన్ని కొందరు ఆదరువుగా, కొందరు ఇబ్బందిగా చూశారు.

పాస్టరమ్మగారు: జీతం లేని రెండో పరిచారిక ఈమె. స్త్రీల కూడిక, ఆదివారపు బడి, వచ్చినవారికి భోజనం ఆమె మీదే. చాలా ఇళ్లలో ఆమె కుట్టుమిషనో, టీచరు ఉద్యోగమో ఇంటిని నిలబెడుతుంది. పిల్లల నడవడిని సంఘమంతా గమనిస్తుంది. వేరే పిల్లలు చేస్తే అల్లరి అనిపించుకున్నది, పాస్టరుగారి పిల్లలు చేస్తే తప్పు అవుతుంది.

తగాదాలు: పెద్దల ఎన్నికలు, మిషన్ ఆస్తులు, కోర్టు కేసులు, కులం. మాల, మాదిగ భేదం గుడి గడప దగ్గర ఆగలేదు. కొన్ని పల్లెల్లో రెండు గుళ్లు, రెండు శ్మశానాలు ఉన్నాయి. కాపరి ఏ కులంవాడన్న ప్రశ్న ఆయన ప్రసంగం కంటే ముందు ఊరు చేరుతుంది. క్రైస్తవ సంఘం సిగ్గుతో ఒప్పుకోవలసిన విషయం ఇది.

చట్టం: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు కాదు. క్రైస్తవులుగా మారిన ఎస్సీలు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ పొందుతారు. సంఘస్థులు చాలామంది కాగితాల మీద ఒక పేరుతో, గుడిలో ఇంకో పేరుతో ఉంటారు. కాపరికి ఆ వెసులుబాటు లేదు. ఆయన వృత్తే ఆయన మతాన్ని చెబుతుంది. ఇళ్లలో జరిగే కూడికలకు అభ్యంతరాలు, శ్మశానానికి స్థలం దొరకకపోవడం కూడా ఆయన గుమ్మానికే వస్తాయి.

ఒంటరితనం, అలసట: ఎక్కువ వివరించవలసినది ఇదే, తక్కువగా మాట్లాడేదీ ఇదే. రోజంతా ఇతరుల కష్టం వినే మనిషి తన కష్టం ఎవరితో చెప్పుకోవాలి? సంఘస్థుడితో చెబితే ఊరంతా పాకుతుంది. తోటి కాపరితో చెబితే బదిలీల వేళ అది అడ్డొస్తుందని భయం. పై అధికారి ఆయన జీతం, నియామకం చూసే మనిషి. ఇంట్లో చెబితే భార్య బెంగపడుతుంది. అందుకని నోరు మూసుకుంటాడు. నిద్ర పట్టకపోవడం, బీపీ, షుగరు, చిరాకు వస్తాయి. విశ్వాసం ఉన్నవాడికి దిగులేమిటి అనే మాట పడాల్సి వస్తుందని డాక్టరు దగ్గరికి వెళ్లడు.

దీనికి తోడు ప్రార్థన ఎండిపోవడం అనే స్థితి ఉంది. వాక్యం తెరిస్తే అది వచ్చే ఆదివారపు ప్రసంగానికి పనికొస్తుందా అనే లెక్కే వస్తుంది, తనకేం చెబుతోందో వినబడదు. పది ఇళ్లలో స్వరమెత్తి ప్రార్థించి వచ్చి, రాత్రి మంచం పక్కన మోకాళ్లూనితే ఒక్క మాటా రాదు. కాపరులు దీన్ని విశ్వాసం పోవడంగా భయపడతారు. నిజానికి ఇది చాలావరకు అలసట. బైబిలే దీనికి ఉదాహరణలు ఇస్తుంది. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా చావును కోరుకుంటే, దేవదూత ముందు రొట్టె పెట్టి నిద్రపోనిచ్చాడు. నిర్గమకాండం 18లో యిత్రో, జనమంతటి తీర్పూ ఒక్కడే మోస్తే మోషే నలిగిపోతాడని చెప్పి పని పంచమన్నాడు. సంఘాలన్నింటి గురించిన చింత ప్రతిరోజూ తనను నొక్కుతోందని పౌలు రెండవ కొరింథీయులకు 11లో ఒప్పుకున్నాడు.

పోలిక: 2020 ఈస్టరు (ఏప్రిల్ 12) లాక్‌డౌన్‌లో వచ్చింది. ఫోను ముందు ఒంటరిగా ప్రసంగించడం కాపరులు అప్పుడు నేర్చుకున్నారు. గుళ్లు తెరిచాక సంఘస్థుల చేతిలో ఫోను ఉండిపోయింది. శనివారం రాత్రి పేరున్న ప్రసంగీకుణ్ణి విన్నవారు ఆదివారం ఉదయం తమ అయ్యగారిని ఆయనతో కొలుస్తారు. ఆ ప్రసంగీకుడు వారి ఇంటి భూస్థాపనకు రాడు.

ఆదరువులు

డయోసిస్‌ల రిట్రీట్లు, పాస్టర్ల సహవాసాలు, కొన్ని సంఘాల్లో సోమవారం సెలవు ఉన్నాయి. సెలవు నాడు ఫోను ఎత్తకపోతే తప్పుపట్టే సంఘాలూ ఉన్నాయి. వేదాంత కళాశాలల్లో కౌన్సెలింగ్ పాఠ్యాంశమైంది, అయితే అది ఎక్కువగా ఇతరులను ఆదరించడానికి నేర్పే చదువు. పనిని పెద్దలు, స్త్రీలు, యువకులు పంచుకునే సంఘాల్లో కాపరులు ఎక్కువకాలం ఆరోగ్యంగా ఉండటం కనిపిస్తుంది.

విదేశాల్లో తెలుగు సంఘాలు

గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల తెలుగు ఆరాధన సెలవు రోజైన శుక్రవారం జరుగుతుంది. అక్కడి కాపరుల్లో చాలామంది వారమంతా ఉద్యోగం చేసేవారే. ఇళ్లలో పనిచేసే స్త్రీలు సెలవు దొరికితే వస్తారు, దొరకని వారాలు ఫోనులో కలుస్తారు. అమెరికాలో అద్దె గుళ్లలో, ఖాళీ దొరికిన వేళల్లో కూడుతారు. పిల్లలకు తెలుగు చదవడం రాక కీర్తనలు ఇంగ్లీషు లిపిలో తెర మీద వేస్తారు.

బదిలీ కూడిక

పాత సంఘాల్లో కాపరి బదిలీ అయినప్పుడు వీడ్కోలు కూడిక పెడతారు. శాలువా, కానుక, భోజనాలు అయ్యాక కొన్ని ఊళ్లలో ఇంకొకటి జరుగుతుంది. అయ్యగారిని, అమ్మగారిని, పిల్లలను ముందు చాప మీద మోకాళ్ల మీద కూర్చోబెడతారు. పెద్దలు, వెనుక స్త్రీలు చుట్టూ చేరి వారి తలల మీద చేతులు పెడతారు. సంఘంలో వయసు మీరిన అవ్వ ఎవరో ప్రార్థన అందుకుంటుంది. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన చేతి కింద తల వంచినవారే అప్పుడు ఆయన తల మీద చేయి పెట్టి, పేరు పెట్టి ప్రార్థిస్తారు. సామాను ఎక్కించిన ఆటో బయట ఆగి ఉంటుంది.